క్షయ కాదన్న కబురు

బుగ్గమ్మ కట్టెలమోపు దించేసరికే గోవిందమ్మ నాలుగిళ్లకు బెల్లం పంచేసింది.

అయిదో ఇంటికి బయల్దేరుతూ వాకిట్లో కూతురు ఎదురైతే ఆమె నోట్లోనూ ఓ ముక్క పెట్టబోయింది. బుగ్గమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"తినే. నాలుగు నెలల సంది గీ ఇంట్ల తీపి ముట్టలేదు," అంది గోవిందమ్మ.

"ఎవ్వలెవ్వలకు చెప్పినవమ్మా?"

"అందరికి చెప్పిన. దాసుకునే మాటనా? మా ఆయనకు క్షయ లేదు, కొండమీది డాక్టరే అన్నడని చెప్పిన. మస్తు సంబురపడ్డరు."

బుగ్గమ్మ కట్టెలమోపు మీదే కూర్చుండిపోయింది. తప్పు తనదే. నిన్న సాయంత్రం వికారాబాదు కొండమీది క్షయ దవాఖాన నుంచి వచ్చి రైలు దిగి, తమ్ముడు బీరన్న తెచ్చిన ఎడ్లబండిలో తండ్రిని కూర్చోబెట్టుకుని తాండూరు బండల గనుల దాకా తెచ్చింది. గడప దగ్గరే తల్లి అడిగింది, క్షయేనా అని. కాదంట అంది బుగ్గమ్మ. అంతే, గోవిందమ్మ అక్కడే కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఇన్నాళ్లూ ఏడవనిదంతా ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలో రెండో మాట చెప్పడానికి బుగ్గమ్మకు నోరు రాలేదు. మంచిమాట ముందు చెప్పి చెడ్డమాట తర్వాత చెప్పొచ్చులే అనుకుంది. ఆ తర్వాత రాకముందే, తెల్లారేసరికి మంచిమాట బెల్లంతో పాటు ఊరెక్కింది.

"బీరన్నేడి?" అని అడిగింది.

"నబీ సాబ్ ఇంటికి పంపిన."

"ఎందుకు?"

"ఎందుకేంది! మీ నాయిన జాగ నాలుగు నెలల సంది ఖాళీగ ఉంచిండు గా మనిషి. ఇంగొకడైతే ఎప్పుడో వేరేటోన్ని దింపుతుండె. క్షయ ఇంటి పోరడని గనోళ్లు రానియ్యలేదు గాని, నబీ సాబ్‌కు ఇష్టం లేకనా? ఇగ భయమేంది? ఇయ్యాల్నే సుత్తె ఇప్పిస్త, రేపు గనిల దిగుతడు."

గులాం నబీ ఆ గనికి మేస్త్రీ. అక్కడ ఒక రివాజు ఉంది. పని మానిన మనిషి స్థలం అతని కొడుక్కే వస్తుంది. తండ్రి తన సుత్తె, ఉలులు పదిమంది ముందు తన చేత్తో కొడుకు చేతుల్లో పెట్టాలి. అలా అందుకున్నవాణ్ణే గనిలో పనివాడంటారు. పదహారేళ్ల బీరన్న ఈ నాలుగు నెలలూ దానికోసమే తపించిపోయాడు. అయితే గనిలో దిగినవాళ్లంతా ఒకే కుండ నీళ్లు తాగుతారు. క్షయ ఇంటివాడు ఆ కుండ ముట్టుకుంటే మేం దిగం అని వాళ్లు పట్టుబట్టారు. మేస్త్రీ చేసేదేమీ లేకపోయింది.

"తమ్మున్ని గనికి పంపకమ్మా," అంది బుగ్గమ్మ.

"ఏందే?"

"పంపకు. నిన్న నీకు పూర చెప్పలేదు నేను. డాక్టరు క్షయ గాదన్నడు, నిజమే. మరి ఏందన్నడో నువ్వడగలేదు, నేను చెప్పలేదు. రాతి దుమ్మంట. పదకొండేండ్లు పీల్చిన దుమ్మంత లోపల పేరుకున్నదంట. ఎక్సురే ఫోటోల చూపెట్టిండు, తెల్లగ చుక్కలు చుక్కలున్నయి. దానికి ఆడనే గాదు, యాడ గూడ మందు లేదన్నడు. నాయినను దుమ్ము తానకి పోనియ్యకు, ఇంట్ల ఇంగెవ్వల్ని గూడ పోనియ్యకు అన్నడు."

గోవిందమ్మ చేతిలోని బెల్లం పళ్లెం కింద పెట్టలేదు. కాసేపు కూతుర్ని ఎగాదిగా చూసింది.

"దుమ్మా!" అంది చివరకు. "గీ తాండూరుల దుమ్ము తిననోళ్లెవ్వలే? నేను తినలే? నువ్వు తినలే? రొట్టె మీద ఇంత, నీళ్ల మీద ఇంత. దుమ్ముతోని సచ్చేటట్టయితే గీ లైనుల ఒక్కరన్న మిగులుదురా? బెల్లం తింటే దుమ్ము దిగుతది. అందరికెరుకే."

"పదకొండేండ్ల సంది నాయిన రోజు తిన్నడు గద బెల్లం. దిగిందా?"

గని పనివాళ్లందరూ సాయంత్రం ఇంటికి రాగానే గోలీకాయంత బెల్లం నోట్లో వేసుకుంటారు. అది గొంతులోని దుమ్మును కడుపులోకి దింపేస్తుందని వాళ్ల నమ్మకం. బుగ్గమ్మ తండ్రి మల్లప్ప ఒక్కరోజు కూడా మానలేదు. ఇంట్లో జొన్నలు లేని రోజుల్లోనూ గోవిందమ్మ ఆ ముక్క మాత్రం దాచి ఉంచేది. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు.

"డాక్టరు క్షయ గాదన్నడా లేదా?" అంది మళ్లీ, గొంతు పెంచి.

"అన్నడు."

"ఇగ నాకు గది చాలు. నువ్వు డాక్టరువు గాకు. నాలుగు నెలలు బాయి కాడ అందరు చేదుకొని పోయిందాంక ఎండల నిలవడ్డ. నా నీడ బిందె మీద పడ్డదని ఒకామె నీళ్లు పారబోసింది. పప్పు గిర్నీల నీ చేట తీసి బయట పారేసిన్రు, యాదిలేదా? ఇయ్యాల పొద్దుగాల గా గిర్నీ ముత్యాలమ్మనే అడిగింది, నీ బిడ్డ ఎప్పుడొస్తదని. నువ్వు మల్ల పనికి పోతవు, తమ్ముడు గనికి పోతడు, మనం మనుషులమైతం. గీ దుమ్ము ముచ్చట ఇంగోపారి నా ముందట తియ్యకు."

ఆమె అయిదో ఇంటికి వెళ్లిపోయింది. బుగ్గమ్మకు కోపం వచ్చింది. కాని తల్లి నడక చూశాక వెనక్కి పిలవలేకపోయింది. గోవిందమ్మ నాలుగు నెలలుగా గోడలకు ఆనుకుని నడిచింది. ఇవాళ దారి మధ్యలో నడుస్తోంది.

పక్కింటి జంగమ్మ వచ్చింది. ఆమె గుమ్మం దాటి రావడం నాలుగు నెలల తర్వాత ఇదే మొదలు. లోపలికి వచ్చి, ఎవరినీ అడక్కుండా, మూలనున్న కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచుకుంది. వాకిట్లోకి వచ్చి, కూలీల ఇళ్ల లైనులోని వాళ్లందరికీ కనిపించేలా నిలబడి, గటగటా తాగింది. మూతి తుడుచుకుని ఏడుపు మొదలుపెట్టింది.

"మస్తు పాపం జేసిన బిడ్డా. నా పోరల్ని మీ వాకిట్లకు రానియ్యలేదు. నీకెదురొస్తే మొకం తిప్పుకున్న. నాకు ముగ్గురు పిల్లలాయె, భయపడ్డ. మనసుల పెట్టుకోకు."

"ఏం పెట్టుకోలేదు అక్కా."

"మీ నాయినకు మా ఇంట్ల జావ జేసి పంపుత. నువ్వొక్కదానివి ఎంతని చేస్తవ్? జర నేను గూడ కూసుంట ఆయన కాడ. నువ్వు గిర్నీకి పోయినప్పుడు నేను చూసుకుంట, ఫికర్ జెయ్యకు."

బుగ్గమ్మకు ఆ మాటలు విని ప్రాణం లేచొచ్చినట్టయింది. ఎందుకు రాదు? పద్దెనిమిదేళ్ల పిల్ల, నాలుగు నెలలుగా మూడు గంటలు ఏకధాటిగా నిద్రపోయి ఎరగదు. గిర్నీలో తోటి పిల్లలంతా వరసగా కూర్చుని కందిపప్పు చెరుగుతూ పాటలు పాడుతుంటే, తను గోడ ఇవతలి దారిన తండ్రి బట్టలు ఉతకడానికి వాగుకు పోయేది. ఇంకొకరు వచ్చి నేను కూర్చుంటాను నువ్వు లే అన్నమాట ఇవాళే విన్నది.

జంగమ్మ వెళ్లాక బుగ్గమ్మ రొట్టె పప్పులో నానబెట్టి, పిసికి, తండ్రి దగ్గరికి తీసుకెళ్లింది.

మల్లప్ప ఇంట్లో ఉండడు. ఇంటి పక్కనే నిలువు బండలు పాతి, పైన మరో రెండు బండలు పరిచి వేసిన చిన్న కొట్టంలో ఉంటాడు. క్షయ అన్న మాట ఊరంతా పాకాక ఆ బండలు ఆయనే ఎన్నుకున్నాడు, బీరన్న మోశాడు. అందులో ఆయన పడుకోడు. పడుకుంటే ఊపిరి ఆడదు. తవుడు బస్తా ముందు పెట్టుకుని, దాని మీదికి వంగి, రాత్రింబగళ్లు కూర్చునే ఉంటాడు. బుగ్గమ్మ పొద్దున లేవగానే ఆయన ఉమ్మే బూడిద ముంత మార్చుతుంది. వేడినీళ్లలో గుడ్డ పిండి వీపు తుడుస్తుంది. చంకల కింద చేతులు వేసి లేపి పెరటివైపు నడిపిస్తుంది. ఒకనాడు గడ్డపారతో ఆరడుగుల బండను లేపిన మనిషి ఇప్పుడు ఆమె చేతుల్లో తేలిగ్గా లేస్తాడు. అది ఆమెకు రోజూ ఏడుపు తెప్పించే సంగతి.

ఒక ముద్ద పెట్టి, పది లెక్కపెట్టి, ఇంకో ముద్ద పెట్టింది.

"మీ అమ్మ... బెల్లం పంచిందా?" అన్నాడు మల్లప్ప.

"పంచింది."

"డాక్టరు... నీతోని చానసేపు మాట్లాడిండు. నేను బయట బల్ల మీదికెల్లి చూసిన. క్షయ గాదనడానికి... గంతసేపెందుకు?"

బుగ్గమ్మ ముద్ద కలుపుతూ ఆగిపోయింది. తండ్రి కళ్లలోకి చూడలేక గిన్నెలోకి చూస్తూ చెప్పింది. తల్లికి చెప్పినప్పుడు కోపంగా చెప్పింది. ఇప్పుడు ఒక్కో మాటా వెతుక్కుని చెప్పింది. మందు మాట దగ్గర గిన్నె అంచు తుడుస్తూ ఆగింది. మల్లప్పే "లేదన్నడా?" అని అందించాడు. ఆమె తల ఊపింది.

దూరంగా గనిలోంచి సుత్తెల చప్పుడు వస్తోంది. ఆయన దానివైపు చెవి పెట్టినట్టు తల వంచాడు.

"నేను దిగిన ఏడు... పోలీసు యాక్షను అయిన ఏడు. మా గుంతల పదకొండు మందిమి. లచ్చప్ప పోయిండు. తాగి సచ్చిండన్నరు. సాయప్ప పోయిండు. ఆనికి చేతబడి అన్నరు. మొగులయ్యకు దమ్మురోగమన్నరు. అందరు... గిట్లనే కూసొని పోయిన్రు బిడ్డా. బస్తా మీద వంగి. నేను చూసిన. చూసిన గాని... దుమ్మని ఎవ్వరనుకోలే."

"బీరన్నకు చెప్పు నాయినా. నువ్వు చెప్తే ఇంటడు."

"ఇనడు. పదారేండ్ల పోరనికి... ఊపిరాడదంటే సమజైతదా? నాకైంది సమజ్?" ఆయన ఆగి, గాలి కూడదీసుకున్నాడు. "మీ అమ్మ గూడ ఇనదు. ఆకలైతుంటే ఎవ్వరింటరు? మేస్త్రీ వద్దంటేనే... ఆడు ఆగుతడు. మీ మామ అప్పట్ల పంపుమన్నడు గద, ధారూరుకు ఆయన తానకి పంపొచ్చు. ఎవుసం జేసుకుంటడు."

"నబీ చిచ్చా ఎందుకు వద్దంటడు? ఆయన నీ జాగ ఉంచిందే తమ్ముని కోసం."

మల్లప్ప కూతురి మొహంలోకి చూశాడు.

"ఇన్ని దినాలు... ఎందుకు రానియ్యలేదు?"

బుగ్గమ్మకు అర్థమయింది. చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"వద్దు నాయినా."

"క్షయనే అని చెప్పు."

"వద్దు. ఇప్పుడే జంగక్క వచ్చి మనింట్ల నీళ్లు తాగిపోయింది. అమ్మ నడిబాటల నడుస్తున్నది. నీకెరుకనా, నాలుగు నెలల సంది..."

"ఎరుకే."

"నువ్వు పోతే మోయనీకి నలుగురు రారు! గదన్న ఎరుకనా?" అని అరిచింది బుగ్గమ్మ. అరిచాక తన నోరు తనే మూసుకుంది.

మల్లప్ప నవ్వబోయాడు. అది దగ్గుగా మారి చాలాసేపటికి గాని ఆగలేదు. బుగ్గమ్మ వెనక కూర్చుని, ఛాతీ చుట్టూ చేయి వేసి, ముందుకు వంచి పట్టుకుంది. అలా పట్టుకోకపోతే ఆయన పక్కకు ఒరిగిపోతాడు. ఒరిగితే మళ్లీ ఊపిరి అందదు.

"అప్పుడు నాకేమెరుకైతది..." అన్నాడు దగ్గు తగ్గాక. "బిడ్డా, నీకు అన్నాయం చేస్తున్న. గిర్నీ పని పోతది. నీతోని ఎవ్వరు మాట్లాడరు. నేనే చెప్తుంటి... గాని నేను చెప్తే నబీ నమ్మడు. డాక్టరు మాట ఇన్నది నువ్వు. నువ్వంటేనే... అది అయితది."

తమ్ముడి మీద బుగ్గమ్మకు ప్రేమ లేక కాదు. కాని తమ్ముడి ఊపిరి కోసం తన బతుకును ఎంత తేలిగ్గా అడిగాడు తండ్రి! ఆ మాట మనసులోకి వచ్చినందుకు సిగ్గుపడింది, అయినా అది పోలేదు. గిన్నె తీసుకుని లేచింది. చేస్తాననీ అనలేదు, చేయననీ అనలేదు.

గులాం నబీ నవ్వుకుంటూ వచ్చాడు. తెల్లగడ్డం, భుజాన ఎర్ర తువ్వాలు. వెనక బీరన్న గోనెసంచి మోసుకుంటూ వచ్చాడు, మొహం వెలిగిపోతోంది. వాళ్ల వెనక జంగమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు, పనికి పోని ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

మేస్త్రీ కొట్టంలోకి వంగి, మల్లప్ప పక్కనే చాప మీద చతికిలబడ్డాడు. భుజం చుట్టూ చేయి వేశాడు.

"మాఫ్ చెయ్ మల్లప్పా. నాలుగు నెలలు నీ మొకం చూడలేదు. రోజు రావాల్నని బయలెల్తుంటి, ఆ మలుపు కాడ కాళ్లు ఆగుతుండె. ఇంట్ల ఆడోళ్లు ఒద్దనిరి. నేను గూడ భయపడ్డ, అబద్ధమెందుకు? నీ అసొంటి సోపతిగాన్ని ఇడిసి పెట్టిన."

"పర్వలేదు... నబీ భాయ్."

"ఏం పర్వలేదు! ఇయ్యాల నా దిల్ సాఫ్ అయింది. ఒరేయ్ బీరన్నా, సంచి తియ్."

బీరన్న గోనెసంచి విప్పాడు. సుత్తె, మూడు ఉలులు. మేస్త్రీ వాటికి నూనె రాయించి తెచ్చాడు. తనే తీసి మల్లప్ప ఒళ్లో పెట్టాడు.

"నాలుగు నెలలు నా ఇంట్లనే పెట్టిన, ఎవ్వన్ని ముట్టనియ్యలే. ఇగ నీ చేతితోని నీ కొడుక్కు ఇయ్యి. రేపు పొద్దుగాల నా ఎంబడి దిగుతడు."

బీరన్న మోకాళ్ల మీద కూర్చుని రెండు అరచేతులూ చాపాడు. గోవిందమ్మ బెల్లం పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కొడుకును చూస్తూ ఆమె కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

మల్లప్ప చేతులు కదల్లేదు. ఆయన కొడుకు అరచేతుల్నే చూస్తున్నాడు. ఇంకా కాయలు కాయని చేతులు అవి.

"ఇయ్యి నాయినా," అన్నాడు బీరన్న.

"చిచ్చా, ఆగు," అంది బుగ్గమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఏంది బిడ్డా?"

"నాయినకు క్షయనే."

మేస్త్రీకి ఆ మాట తలకెక్కడానికి కొంచెం సమయం పట్టింది.

"మీ అమ్మ బెల్లం పంచింది గదా?"

"అమ్మకు నేను అబద్ధం చెప్పిన. గడపల నిలవడి అడిగింది, నా పాణం ఒప్పలే. డాక్టరు క్షయనే అన్నడు. బాగ ముదిరింది, దవాఖానల ఉంచుకొని లాభం లేదు, ఇంటికి తీస్కపొమ్మన్నడు."

మాటలు ఇంత తేలిగ్గా వస్తాయని బుగ్గమ్మ అనుకోలేదు. మేస్త్రీ చేయి మల్లప్ప భుజం మీంచి జారింది. గబుక్కున తీయలేదు పాపం. మెల్లగా, ఎవరూ చూడకూడదన్నట్టు తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. మల్లప్ప అది చూడనట్టే కూర్చున్నాడు.

"నేను నీళ్లు తాగిన గదనే!" అని అరిచింది జంగమ్మ. "నీ ముందటనే తాగిన గదా! నిలవడి చూసినవు గదనే! నాకు ముగ్గురు పిల్లలే!" నోట్లో వేలు పెట్టుకుని కక్కడానికి ప్రయత్నిస్తూ పరుగెత్తింది. ముసలివాళ్లు వాకిలి దాటి అవతలికి జరిగారు.

"అబద్ధం!" అన్నాడు బీరన్న. చాపిన చేతులు ఇంకా అలాగే ఉన్నాయి. "అక్క అబద్ధమాడుతున్నది. అమ్మా, నువ్వు చెప్పే!"

మేస్త్రీ లేచి గోవిందమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు చెల్లే. నీ బిడ్డ నిన్న ఒకటన్నదంటవ్, ఇప్పుడు ఒకటంటది. నాకు సమజైత లేదు. నువ్వేదంటే గది. కాదంటే ఇప్పుడే పోరన్ని నా ఎంబడి తీస్కపోత."

గోవిందమ్మ కూతుర్ని చూసింది. అబద్ధం ఏదో నిజం ఏదో ఆ వాకిట్లో ఆమెకు తెలుసు. పొద్దున విన్నది. విని కొట్టిపారేసింది. ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు, కూతురు పదిమందిలో అబద్ధాలకోరు అవుతుంది. కొడుకు పనివాడు అవుతాడు. ఇల్లు మళ్లీ ఇల్లవుతుంది. ఆ మాట ఆమె పెదవుల మీదికి వచ్చింది కూడా.

అప్పుడు మొగుణ్ణి చూసింది. క్షయ అన్నవాడి తల పగలగొడతానని నాలుగు నెలల కింద సుత్తె ఎత్తిన మనిషి ఆయన. ఇవాళ సొంత కూతురు పదిమంది ముందు ఆ మాట అంటే నోరెత్తలేదు. తలొంచుకుని కొడుకు చేతులు చూస్తున్నాడు. పొద్దున కూతురు ఎంత మొత్తుకున్నా తలకెక్కని సంగతి గోవిందమ్మకు ఆ చూపుతో అర్థమయింది.

"నిజమే సాబ్," అంది. "నాకు గూడ ఇప్పుడే ఎరుకైంది."

మేస్త్రీ సుత్తె, ఉలులు మల్లప్ప ఒళ్లోంచి తీసి గోనెసంచిలో వేసుకున్నాడు. తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"పోరన్ని పంపకున్రి. నేను రానిస్త అన్నా గనోళ్లు రానియ్యరు. బాయి కాడికి గూడ... జర అందరు పోయినంక పోన్రి," అని వెళ్లిపోయాడు. ఆయన వెనకే వాకిలి మొత్తం ఖాళీ అయింది.

గోవిందమ్మ బెల్లం పళ్లెం గడప మీద పెట్టింది.

"ఇద్దరు గలిసి నా నోటితోని గూడ అనిపిచ్చిన్రు," అంది, ఎవరినీ చూడకుండా. "ఇగ నన్ను పిలువకున్రి." లోపలికి పోయి తలుపు గడియ వేసుకుంది.

బీరన్న లేచాడు.

"నాకెరుకే అక్కా. నిన్న టేషన్ల నాయిన ఎంగిలి చేసిన చెంబుతోనే నువ్వు నీళ్లు తాగినవు. నేను చూసిన. క్షయైతే తాగుతవా?"

"తమ్మీ, విను. కూసో, అంత చెప్త. క్షయ కంటే చెడ్డది. గా దుమ్ము..."

"ఇగ నాకేం చెప్పకు! నన్ను మనిషిని కానియ్యొద్దనే గద మీకు? ధారూరుల మామ గొడ్లు కాయాల్నా నేను? గీ తాండూరుల గని ఒక్కటేనా? బషీరాబాదు తొవ్వల ఎన్ని లేవు! ఆడ నన్నెవ్వడు ఎరుగడు. నాయిన పేరడిగితే ఇంగో పేరు చెప్త."

అని, భుజాన గుడ్డ వేసుకుని, వెనక్కి చూడకుండా నడిచాడు.

మల్లప్ప ఆ మాట విన్నాడు. చేతులు బస్తా మీద ఆనించి లేవబోయాడు. సగం లేచి ముందుకు పడిపోతుంటే బుగ్గమ్మ వెనకనుంచి పట్టుకుంది. దగ్గు వచ్చింది. ఇంతకు ముందు ఎప్పుడూ రానంతగా వచ్చింది. మొహం నల్లబడింది. గాలి కోసం నోరు తెరిచినా గాలి లోపలికి పోవడం లేదు.

"అమ్మా! తలుపు తియ్యి! జర నాయినను పట్టుకో, తమ్ముడు పోతున్నడు!"

లోపల చప్పుడు లేదు.

"జంగక్కా! ఎవ్వలన్న రాండ్రి! ఒక్క నిమిషం పట్టుకోన్రి చాలు!"

లైనులో ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు? క్షయ మనిషిని పట్టుకోవడానికి రమ్మంటోంది. ఆ మాట ఆమె నోటితోనే విన్నారు. జంగమ్మ ఇంటి తలుపు కొంచెం తెరుచుకుని మళ్లీ మూసుకుంది.

బీరన్న చెక్కిన బండల కుప్పలు దాటి రోడ్డెక్కాడు. బండలు నింపుకున్న లారీ ఒకటి మెల్లగా వస్తోంది. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. లారీ ఆగింది.

"నన్ను... ఇడ్సు," అన్నాడు మల్లప్ప. ఆమె చేతుల్ని తన ఛాతీ మీంచి ఊడదీయడానికి గోళ్లతో గీరుతున్నాడు. "ఆన్ని... పట్టు."

"నాయినా, నేనిడిస్తే..."

"ఇడ్సు!"

బుగ్గమ్మ తండ్రిని వెనక్కి జరిపి నిలువు బండకు ఆనించింది. బస్తా ముందుకు లాగి చేతుల కింద పెట్టింది. చేతులు తీసేసి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరుగెత్తింది. వాకిలి దాటింది. మొదటి బండల కుప్ప దాటింది. బీరన్న లారీ వెనక బండల మీదికి ఎక్కి కూర్చుంటున్నాడు. తమ్మీ అని పిలిచింది. వాడు మొహం అవతలికి తిప్పుకున్నాడు.

వెనక దగ్గు ఆగింది.

బుగ్గమ్మ కాళ్లు కూడా ఆగిపోయాయి. ఇల్లెంత దూరమో రోడ్డు కూడా అంతే దూరం. లారీ కదులుతోంది.